పూర్వం ఏం పని చేసేవారు?

మన సొసైటీకి వైద్య సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో "ఆయాసం, గుండె జబ్బు" అని రాసి ఉన్నవి ఏటా కొన్ని ఉంటాయి. దాతలు ఇచ్చిన సొమ్ములోంచి మందులకు, ఆక్సిజన్‌కు మంజూరు చేస్తాం. డాక్టరుగా ఆ కాగితాలు చూసి సంతకం పెట్టడం నా పని. అడగవలసిన ఒక ప్రశ్న అడగకుండానే చాలా ఏళ్ళు సంతకాలు పెట్టాను. దాని గురించే ఈ వ్యాసం.

రెండేళ్ళ క్రితం డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎడతెగని పొడిదగ్గు, సాయంత్రానికి కాళ్ళ వాపు. అంతకుముందు రెండుసార్లు టీబీ మందులు వాడారు. కఫం పరీక్షలో మాత్రం టీబీ క్రిమి ఒక్కసారీ కనబడలేదు. తర్వాత గుండె జబ్బు అన్నారు. ఆ రోజు ఎందుకో, "చాచా, మీరు పూర్వం ఏం పని చేసేవారు?" అని అడిగాను. "రేకుల ఫ్యాక్టరీలో డాక్టర్ సాబ్, పంతొమ్మిదేళ్ళు. సంచులు కోసి మిషన్‌లో పోసేవాణ్ణి. దూదిలాగా ఎగిరేది" అన్నారు. ఆ పని మానేసి అప్పటికే పాతికేళ్ళయింది. వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటే, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ చివర్లో సన్నగా చిటపటమనే శబ్దం.

ఆ దూదిలాంటిది ఆస్బెస్టాస్. తెలుగులో రాతినార అంటారు, పేరు సరిగ్గా సరిపోయింది. అది రాయే, కాని నారలాగా పోగులు పోగులుగా విడుతుంది. కాలదు, కుళ్ళదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనే తెల్ల రాతినార గనులు ఉండేవి. 1986లో దేశంలో ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులివ్వడం కేంద్ర ప్రభుత్వం ఆపింది. వాడకం మాత్రం ఆగలేదు. దిగుమతైన తెల్ల ఆస్బెస్టాస్‌తో సిమెంటు రేకులు నేటికీ తయారవుతున్నాయి. బ్రిటన్ 1999లోనే దీన్ని నిషేధించింది.

ఈ పోగులు కంటికి కనబడనంత సన్నగా చీలి గాలిలో తేలుతాయి. మామూలు దుమ్మయితే ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది, దగ్గితే బయటికొస్తుంది. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా వెళ్ళిపోతాయి. లోపలికొచ్చిన చెత్తను మింగి శుభ్రం చేసే రక్షక కణాలు శరీరంలో ఉన్నాయి. అవి ఈ పోగును మింగబోతాయి. పోగు పొడవు, కణం చిన్నది. మింగలేక, అరిగించలేక ఆ కణమే చచ్చి, చుట్టూ వాపు పుట్టిస్తుంది. మళ్ళీ ఇంకో కణం వస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే జరిగి, మెత్తటి స్పాంజిలా ఉండవలసిన ఊపిరితిత్తి, పుండు మానిన చోట చర్మం గట్టిపడినట్టు గట్టిపడుతుంది. దీన్నే ఆస్బెస్టాసిస్ అంటారు. దుమ్ములో పని మానేసినా లోపలి పోగు పోదు కాబట్టి రోగం ముదురుతూనే ఉండవచ్చు.

మరి గుండెకు ఏం సంబంధం? గుండె కుడి భాగం రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడినప్పుడు వాటిలోని రక్తనాళాలు ఇరుకవుతాయి, ఆక్సిజన్ తగ్గినకొద్దీ మరింత బిగుసుకుంటాయి. ఇరుకు గొట్టంలోకి నీళ్ళు తోడే మోటారులాగా గుండె కుడి భాగం అదనంగా శ్రమించి, మొదట లావెక్కి, చివరికి అలసిపోతుంది. అప్పుడు రక్తం వెనక్కి నిలిచి, కాళ్ళు వాచి, మెడ నరాలు ఉబ్బుతాయి. చాచా కాళ్ళవాపుకు కారణం అదే. ఆయన గుండె జబ్బుకు మూలం గుండెలో లేదు, ఫ్యాక్టరీ సంచిలో ఉంది. కొందరిలో గుండె చుట్టూ ఉండే పొర కూడా దళసరి అవుతుంది. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్ కార్మికుల మరణాలను 1971 నుంచి 2005 వరకు లెక్కగట్టి చూస్తే, గుండె జబ్బు, పక్షవాతం మరణాలు కూడా మామూలు జనంలో కంటే ఎక్కువగా తేలాయి.

ఇవి కాక క్యాన్సర్లు. ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా ముప్పై నలభై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతికి వస్తే, న్యూయార్క్‌లో డాక్టర్ సెలికాఫ్ బృందం 1979లో ప్రచురించిన లెక్క ఇది: రెండూ లేనివారితో పోలిస్తే, ఆస్బెస్టాస్ పని మాత్రమే చేసినవారిలో ఆ మరణాలు సుమారు 5 రెట్లు, పొగతాగేవారిలో సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 50 రెట్లకు పైగా. ఈ పని చేసినవారు బీడీ మానడం కంటే పెద్ద మందు మా దగ్గర లేదు.

ఇదేదో కొత్తగా తెలిసిన విషయం కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ దారం వడికే నెల్లీ కెర్షా 1924లో చనిపోయినప్పుడు, ఆమె ఊపిరితిత్తుల్లో కనబడ్డ దాని గురించి డాక్టర్ విలియం కుక్ ఆ ఏడాదే వైద్య పత్రికలో రాశారు. ఆమెకు పరిహారం ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోలేదు. వందేళ్ళయింది.

రేకుల ఫ్యాక్టరీ ఒక్కటే అనుకోకండి. బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టలు చుట్టినవారు, పాత ఓడలు విరగ్గొట్టినవారు, గల్ఫ్‌లో పాత కట్టడాలు కూల్చినవారు, పాత బ్రేకు లైనింగులు అరగదీసిన మెకానిక్కులు, రేకులు రంపంతో కోసే మేస్త్రీలు కూడా ఈ లెక్కలోకి వస్తారు. భర్త పని బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన ఆడవాళ్ళకు కూడా మీసోథీలియోమా వచ్చిన సందర్భాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. చాచీకి కూడా ఎక్స్‌రే తీయించాను. రేకుల ఇంట్లో ఉంటున్నవారు భయపడి ఇల్లు పీకవద్దు. చెక్కుచెదరని రేకు నుంచి పోగు పెద్దగా రాలదు. కోయడం, రంధ్రాలు వేయడం, విరగ్గొట్టడం ప్రమాదం. తప్పనిసరైతే తడిపి విప్పాలి, పొడిగా ఊడ్చకూడదు. ముఖానికి చేతిరుమాలు కడితే ఈ పోగు ఆగదు. మెకానిక్ షెడ్లలో బ్రేకు డ్రమ్ములోకి కంప్రెసర్ గాలి కొట్టే అలవాటు మానిపించాలి.

ఇక హక్కు సంగతి. అహ్మదాబాదుకు చెందిన కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాసినది తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, విరమించాక కూడా ఆరోగ్య రక్షణ కార్మికుడి ప్రాథమిక హక్కు అన్నారు. ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డును పని మొదలైన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా విరమించాక 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు యజమాని భద్రపరచాలన్నారు. ఆస్బెస్టాసిస్‌ను చట్టం వృత్తిరోగంగా గుర్తించింది. ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి మెడికల్ బోర్డు శాశ్వత నష్టం తేలిస్తే నెలనెలా భృతి వస్తుంది. అయితే అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి. మనవాళ్ళు ఓడిపోయేది ఇక్కడే. కాంట్రాక్టరు కింద చేసినవారికి చేతిలో చీటీ కూడా ఉండదు.

అందుకే దరఖాస్తు ఫారంలో ఒక గడి చేర్చాం: పూర్వం చేసిన పనులు, ఎక్కడ, ఎన్నేళ్ళు. ఆయాసంతో వచ్చినవారికి ఎక్స్‌రేతో పాటు, గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షకు, అవసరమైతే సీటీ స్కాన్‌కు మీ సొమ్ములోంచి ఇస్తున్నాం. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్ళీ మెత్తబరచే మందు లేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు, ఆక్సిజన్, కాళ్ళవాపు తగ్గించే మాత్రలతో ఉన్న ఊపిరిని కాపాడాలి. దాతల్లో ఎవరికైనా పాత ఫ్యాక్టరీ కార్మికులు తెలిసి ఉంటే, పాత ఎక్స్‌రే ఫిల్ములు, జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు పారేయవద్దని చెప్పండి.

చాచీ పెట్టె అడుగున చాచా ఈఎస్ఐ కార్డు దొరికింది. కేసు ఇంకా బోర్డు ముందు ఉంది. ఈలోగా మన సొసైటీ ఇచ్చిన ఆక్సిజన్ యంత్రం రాత్రంతా నడుస్తోంది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఆయన మధ్యమధ్య ఆపేస్తున్నారని చాచీ చెప్పింది. పోయిన నెల నుంచి ఆ బిల్లు కూడా మనమే కడుతున్నాం.