మూడు చిన్నదా? పది చిన్నదా?

కూతురికి పట్నంలో డిగ్రీ కాలేజీ సీటు వచ్చింది. ఫీజుకు, హాస్టలుకు 50,000 రూపాయలు కావాలి. తల్లి కూలికి వెళ్తుంది. అంత డబ్బు చేతిలో లేదు.

ఊళ్లో వడ్డీ వ్యాపారిని అడిగింది. "నూటికి మూడు రూపాయల వడ్డీ అమ్మా. రేపే తీసుకుపో" అన్నాడు. బ్యాంకులో అడిగింది. "నూటికి పది రూపాయలు" అన్నారు. మూడు కన్నా పది పెద్దది కదా! వ్యాపారే నయం అనుకుంది తల్లి. ప్రోనోటు మీద సంతకం పెడదామనుకుంది.

ఆ సాయంత్రం పొదుపు సంఘంలో ఈ మాట చెప్పింది. సంఘం లెక్కలు రాసే ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ మూడు రూపాయలు నెలకా, ఏడాదికా వదినా?"

కిటుకు అక్కడే ఉంది. వ్యాపారి వడ్డీ నెలకు చెప్తాడు. బ్యాంకు ఏడాదికి చెప్తుంది. నెలకు 3 అంటే ఏడాదికి 36!

లెక్క వేసి చూడండి. అప్పు 50,000 రూపాయలు.

వ్యాపారి వడ్డీ: నెలకు 1,500. ఏడాదికి 18,000. మూడేళ్లకు 54,000.

బ్యాంకు వడ్డీ: ఏడాదికి 5,000. మూడేళ్లకు 15,000.

వ్యాపారి దగ్గర వడ్డీయే అసలును దాటిపోయింది. అసలు అలాగే ఉంది. తల్లి ప్రోనోటు రాయలేదు. మర్నాడు మళ్లీ బ్యాంకుకు వెళ్లింది.

చదువు కోసం ఇచ్చే అప్పును విద్యా రుణం అంటారు. వడ్డీ అన్ని బ్యాంకుల్లో ఒకేలా ఉండదు. రెండు మూడు చోట్ల అడగాలి. సీటు వచ్చిన కాగితం, ఫీజు వివరాలు, మార్కుల జాబితా, ఆధార్ కార్డు, ఆదాయం కాగితం తీసుకువెళ్లాలి. నాలుగు లక్షల రూపాయల వరకు విద్యా రుణానికి పొలం, ఇల్లు, బంగారం తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. తల్లి గానీ తండ్రి గానీ పిల్లతో పాటు సంతకం చేయాలి. అంటే ఆ అప్పుకు ఇద్దరూ బాధ్యులే. అందుకే కాగితం చదవకుండా సంతకం పెట్టకూడదు.

మామూలుగా చదువు అయ్యాక ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కర లేదు. కానీ వడ్డీ ఆగదు. వీలైనప్పుడల్లా వడ్డీ కట్టుకుంటూ పోతే తర్వాత బరువు తగ్గుతుంది.

అప్పు దొరికింది. కూతురు హాస్టల్లో చేరింది. నెల ఖర్చుకు 5,000 రూపాయలు. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే డబ్బు అయిపోయింది. ఎటు పోయిందో తెలియలేదు. రెండో నెల నుంచి నోటు పుస్తకంలో రాసింది:

మెస్సు: 3,200
బస్సు: 400
పుస్తకాలు, జిరాక్సులు: 300
ఫోను: 250
సబ్బులు, నూనె: 250
చిల్లర ఖర్చులు: 300
మిగిలింది: 300

రాస్తే గానీ చిల్లర ఖర్చు ఎంతో కనబడదు. మిగిలిన 300 పరీక్ష ఫీజుకు దాచింది.

మొదటి నెల డబ్బు అయిపోయినప్పుడు ఒక స్నేహితురాలు ఫోనులో అప్పిచ్చే యాప్ చూపించింది. కాగితాలు అక్కర్లేదట. అయిదు నిమిషాల్లో డబ్బట. కానీ కొన్ని యాప్‌లు 3,000 అప్పు అని చెప్పి 2,200 చేతికిస్తాయి. వారం తిరిగేసరికి 3,000 కట్టమంటాయి. అంటే వారానికి 800 రూపాయలు! కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లకు ఫోన్లు చేసి పరువు తీస్తాయి. ఫోనులోని నంబర్లు, ఫొటోలు అప్పిచ్చే యాప్‌లు తీసుకోకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అయినా దొంగ యాప్‌లు ఆ నియమాన్ని లెక్కచేయవు.

కూతురు అప్పు చేయలేదు. తల్లికి ఫోను చేసింది. తల్లి తిట్టలేదు. "నాకు చెప్పి మంచి పని చేశావమ్మా" అంది. సంఘంలో 500 తీసుకుని పంపింది.

పిల్లలు భయపడితే దాస్తారు. దాస్తే అప్పు పెరుగుతుంది. ఎవరైనా ఇలా బెదిరిస్తే 1930 నంబరుకు ఫోను చేయాలి. పోలీసులకు చెప్పాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆలోచించండి, చర్చించండి

1. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత?
2. మీ ఇంట్లో నిరుడు చేసిన అప్పుకు ఎంత వడ్డీ కట్టారు? లెక్క వేసి రాయండి.
3. ఈ నెల మీ ఇంటి ఖర్చు రాయండి. మీకు తెలియకుండా పోయిన డబ్బు ఎంత?