రాతియాకును గుర్తించుట



రంపచోడవరమున ఒక వృద్ధుడు నాకొక రాతిపలకను చూపెను. దానిపై నల్లని కొమ్మలు, సన్నని రెమ్మలు చిత్రించినట్లుండెను. “ఇది పూర్వకాలపు చెట్టు గదా?” అని ఆయన అడిగెను. ఎన్నో యేండ్లుగా దానిని ఇంట భద్రపరచెనట! కాదని చెప్పుటకు నాకు నోరాడలేదు. కాని చెప్పక తప్పలేదు. “మరి నిజమైనది ఎట్లుండును?” అని ఆయన మరల అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగము.

రాతి పగులులోనికి మాంగనీసు కలిసిన నీరు ఊరినప్పుడు ఇట్టి నల్లని రెమ్మలేర్పడును. వీనికి ఆకువలె అంచు లేదు, నడిమి యీనె లేదు. పగులు ఎంతవరకో రెమ్మయు అంతవరకే. పైగా ఈ తూర్పుకొండలలో విస్తారముగా నున్న ఖోండలైటు అను రాయి, ఆకులుగల చెట్లు భూమిపై పుట్టుటకు మునుపే భూగర్భపు వేడికి, ఒత్తిడికి మారినది. అందులో ఆకు దొరకదు.

నిజమైన రాతియాకు కావలెనన్నచో గోదావరి దాటి ఇల్లెందు, కొత్తగూడెము బొగ్గుగనుల ప్రాంతమునకు పోవలెను. ఇల్లెందు వద్ద 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. సుమారు 30 నుండి 25 కోట్ల యేండ్ల క్రిందట అచ్చట చిత్తడి అడవులుండెను. గుట్టలుగా పేరుకొనిన మ్రానును ఆకును బొగ్గయ్యెను. బురదలో కప్పబడిన ఆకులు, గాలి తగులక, ఆ బురద గట్టిపడిన పలకరాతి పొరల నడుమ నిలిచెను.

వానిలో ముఖ్యమైనది గ్లాసాప్టెరిస్. 1828లో ఫ్రెంచి పండితుడు బ్రాన్యార్ పెట్టిన ఈ పేరులో నాలుక అను అర్థమున్నది. ఆకు నాలుకవలె నుండును. కాని ఆకారమును మాత్రమే నమ్మరాదు. మామిడియాకును కోలగానే యుండును గదా! ఈనెలను చూడవలెను. రావియాకును నీట నానవేసినచో కండ పోయి యీనెల వల మిగులును. అట్టి వలయే దీనికిని కలదు. అయితే కన్నులు కోలగా సాగి అంచువైపునకు వంగును. నడుమ స్పష్టమైన యీనె, ఇరుప్రక్కల వల యున్నచో గ్లాసాప్టెరిస్. వల యుండి నడిమి యీనె లేనిచో గంగమాప్టెరిస్. వరియాకునందువలె ఈనెలు ఒకదానితో నొకటి కలియక సాగినచో అది వేరొక జాతి.

దీని వేరునకు వెర్టెబ్రేరియా అని పేరు. చూపునకు వెన్నెముకవలె నుండును. అందు గాలి అరలుండుట చిత్తడినేలలో బ్రతికినదనుటకు సాక్ష్యము. ఆకును వేరును విడివిడిగా దొరకుటచే పేర్లును వేరయ్యెను. తొలుత దీనిని ఫెర్ను అనుకొనిరి. 1952లో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ అను విదుషి దక్షిణాఫ్రికాలో ఆకునంటియున్న ఫలభాగములను వర్ణించిన పిదప, ఇది విత్తనములనిచ్చు చెట్టని దృఢపడెను.

1912లో దక్షిణధ్రువమునుండి మరలుచు మరణించిన స్కాటు బృందము చివరివరకు విడువని 35 పౌండ్ల రాళ్లలో ఈ యాకు ఉండెను. గోదావరి తీరమును ఆ మంచుసీమయు ఒకప్పుడు ఒకే మహాఖండమున నుండెననుటకు అదియు నొక సాక్ష్యము. ఆ ఖండమునకు గోండుల పేరిటనే గోండ్వానా యని పేరు వచ్చెను.

కావున మీ యింటివారెవరైన గనుల ప్రాంతమునుండి ఆకురాయి తెచ్చినచో, చీలిన రెండు ముక్కలను దాచుడు; ఒకదానిపై లేని గుర్తు రెండవదానిపై నుండవచ్చును. మెరుపు కొరకు నూనె రుద్దకుడు. దొరకిన చోటును, ఏ పొరలో దొరకెనో దానిని కాగితముపై వ్రాసి జతపరచుడు. చోటు తెలియని రాయి సాక్షిసంతకము లేని పత్రము వంటిది. లక్నోలో 1946లో స్థాపితమైన బీర్బల్ సాహ్ని సంస్థ పండితులు ఇట్టి యాకులనే పరిశోధింతురు. వారికైనను మొదట కావలసినది ఆ చీటియే.

నా మాటలు విని ఆ వృద్ధుడు పలకను వెలుగునకు త్రిప్పి, అంచు కొరకు వ్రేలితో వెదకెను. కొంతసేపటికి, “నిజమే, పగులుబట్టియే పోయినది” అని తానే తీర్పు చెప్పెను. పలకను మాత్రము పారవేయలేదు, యథాస్థానముననే పెట్టెను. అడవిలో ప్రతి చెట్టును ఆకునుబట్టి పోల్చగల మీవంటి పెద్దలకు ఈ విద్య క్రొత్తది కాదు. చూపు మీకున్నది; చూడవలసినది ఈనెలను.