ప్లగ్గు పెట్టే ముందు ఆ చీటీ చూడండి

వార్డులో రోగికి వాడే నెబ్యులైజర్, సక్షన్ మిషన్, మానిటర్ వంటి వాటి మీద ఒక చిన్న చీటీ అంటించి ఉండడం మీరు చూసే ఉంటారు. పరీక్షించిన తేదీ, మళ్ళీ పరీక్షించవలసిన తేదీ, పరీక్ష చేసినవారి సంతకం అందులో ఉంటాయి. చాలామంది అది సామాను లెక్క కోసం వేసిన నంబరు అనుకుంటారు. ఇంటి నుండి మీరు హీటరు రాడ్డో, కెటిలో, టేబుల్ ఫ్యానో తెచ్చినప్పుడు "ముందు ఎలక్ట్రీషియన్‌కు చూపించండి" అని సిస్టర్ చెబితే విసుగు కలగడం సహజమే. "ఇంట్లో రోజూ వాడేదే కదమ్మా, బాగానే పనిచేస్తోంది" అంటారు.

బాగా పనిచేయడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పిన్ను ఎర్తుది. ఫ్యాను తిరగడానికి దాని అవసరం లేదు. లోపల వైరు తగిలి ఇనుప బాడీకి కరెంటు వచ్చినప్పుడు దానిని భూమిలోకి పంపించి, ఫ్యూజు పోయేలా చేయడమే దాని పని. ఎర్తు వైరు తెగిపోయినా ఫ్యాను యథాప్రకారం తిరుగుతుంది. తెగిందన్న సంగతి బాడీని ముట్టుకున్న రోజున గాని తెలియదు. హీటరు రాడ్డు కూడా అంతే. పై గొట్టం చిట్లినా నీళ్ళు కాగుతూనే ఉంటాయి, కాని బకెట్ నీళ్ళలోకి కరెంటు వస్తుంది.

పరీక్షలో మొదట కంటితో చూస్తారు. వైరు చీలిందా, ప్లగ్గు మాడిందా, టేపు చుట్టి అతుకు వేశారా అని. చాలా లోపాలు ఇక్కడే బయటపడతాయి. తరువాత ఎర్తు పిన్ను నుండి బాడీ వరకు దారి సరిగా ఉందో మీటరుతో కొలుస్తారు. వైద్య పరికరాలకు వైరుతో కలిపి ఇది 0.3 ఓంలు దాటకూడదు. వైర్ల పై తొడుగు గట్టిదనాన్ని సాధారణంగా 500 వోల్టులతో పరీక్షిస్తారు. బయటకు ఎంత కరెంటు కారుతున్నదో కూడా చూస్తారు.

రోగి విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఆరోగ్యవంతునికి చేతికి తగిలితే చురుక్కుమని తెలిసేది సుమారు 1 మిల్లీ ఆంపియరు. గుండెలోకి నేరుగా గొట్టమో, వైరో వేసిన రోగికి అంతకంటే చాలా తక్కువ కరెంటు కూడా ప్రాణాంతకం కావచ్చు. అందుకే అటువంటి పరికరాల నుండి మామూలు స్థితిలో రోగికి చేరే కరెంటు 0.01 మిల్లీ ఆంపియరు మించకూడదని ప్రమాణం పెట్టారు. పైగా చెమటతో తడిసిన చర్మం కరెంటును సులువుగా లోపలికి రానిస్తుంది. స్పృహ లేని రోగి "షాకు కొడుతోంది" అని చెప్పలేడు, చెయ్యి వెనక్కు తీసుకోలేడు. ఆక్సిజన్ పెట్టిన మంచం దగ్గర వదులు ప్లగ్గు నుండి నిప్పురవ్వ లేచినా మంట అంటుకోవచ్చు. మీ రాడ్డు వల్ల ఫ్యూజు పోతే అదే లైనులో ఉన్న పక్క మంచం వారి సక్షన్ మిషన్ కూడా ఆగిపోవచ్చు.

ప్లగ్గు లేని వైర్లను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. వార్డులో కూడా అప్పుడప్పుడు కనబడుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఎర్తు పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఫోను చార్జర్లకు ఎర్తు ఉండదు కదా అని అడుగుతారు. ఒకదానిలో ఒకటిగా రెండు చదరాల గుర్తు ఉన్నవి రెట్టింపు తొడుగుతో తయారైనవి, వాటికి ఎర్తు అక్కరలేదు. అయినా ఆక్సిజన్ దగ్గర చార్జింగ్ పెట్టవద్దు.

చీటీ చెప్పేది పరీక్షించిన ఆ రోజు సంగతి మాత్రమే. ఆ తరువాత పరికరం క్రింద పడినా, తడిసినా, తేదీ దాటినా సిస్టర్‌కు చెప్పండి. డిశ్చార్జి అయ్యాక ఆక్సిజన్ మిషన్‌ను అద్దెకు తెచ్చుకునేవారు చివరిసారి ఎప్పుడు పరీక్షించారో ఇచ్చేవారిని అడగండి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించి, దాని మీది టెస్ట్ బటన్ నెలకు ఒకసారి నొక్కి చూడండి. నొక్కగానే కరెంటు పోవాలి. మిషన్ నడుస్తున్నప్పుడు మాత్రం నొక్కవద్దు.