నాపబండల అలమర

నాపబండల అలమర అనగా గనుల వద్ద, పాలిష్ ఫ్యాక్టరీల వద్ద మిగిలిపోయిన నాపరాతి ముక్కలను అరలుగాను, కూల్చివేసిన ఇళ్ల తలుపులను తిరిగి తలుపులుగాను వాడి కట్టుకొనే తక్కువ ఖర్చు అలమర. వై.ఎస్.ఆర్. కడప జిల్లాలోని కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో ఇందుకు కావలసిన సరుకంతా చేరువలోనే దొరుకుతుంది. ట్రాక్టరు షెడ్డులోనో, వాహనాలు నిలిపే వసారాలోనో పనిముట్లు, విడిభాగాలు, నూనెలు, పైరు మందులు భద్రపరచుటకు ఇది అనువైనది. అయితే రాతి బరువును, పాత తలుపులపై రంగును, లోపల దాచే విషాలను లెక్కలోనికి తీసుకొనకపోతే ఈ చౌక అలమర ప్రాణం మీదికి తేగలదు.

నాపరాయి

నాపరాయి పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. ఈ ప్రాంతపు నల్లని రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అంటారు. లోకమంతా దీనిని కడప రాయి అనే పిలిచినా, శాస్త్రరీత్యా ఇది కడప శిలాసమూహానికి గాక దానికంటె తరువాతి కాలపు కర్నూలు శిలాసమూహానికి చెందినది. జిల్లా పేరును ఆంగ్లంలో వ్రాసే తీరు 2005లో మారినప్పటికీ, రాతి వ్యాపారంలో మాత్రం పాత వర్ణక్రమమే చెల్లుతున్నది. దక్షిణ భారతదేశంలో వంటింటి గట్టుకు, గోడలోని అరలకు ఈ రాయి చిరకాలంగా వాడుకలో ఉన్నది.

బండలను కొలతకు కోయగా అంచు ముక్కలు, మూల విరిగినవి, మందం సమంగా లేనివి మిగిలిపోతాయి. నేలపరుపుకు పనికిరాని ఇటువంటి ముక్కలే అలమరకు చాలు. ఏరేటప్పుడు ప్రతి ముక్కనూ ఒక అంచున నిలబెట్టి చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్లు. తడిపి ఆరనిస్తే సన్నని పగుళ్ల వెంట తేమ చార ఆలస్యంగా ఆరి కనబడుతుంది.

పాత కలప

రాయలసీమలోని మట్టిమిద్దెలకు దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన బండలో కట్టెలో పరచి, చవుడు పోసేవారు. ఈ మిద్దెలు పోయి కాంక్రీటు కప్పులు వచ్చిన కొద్దీ ఆ కలప బయటపడుతున్నది. జలాశయాల ముంపు మరొక కారణం. 2020లో గండికోట జలాశయపు నీటినిల్వను పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరును ఖాళీ చేయవలసి వచ్చింది. ఇటువంటి తరలింపులలో గోడలు నీటికి పోతాయి గాని తలుపులు, ద్వారబంధాలు యజమానుల వెంట పోతాయి. కొత్త ఇంటి కొలతలకు సరిపడని తలుపులు షెడ్డులో చేరగిలబడి చెదలపాలు కావడం కంటె అలమరకు వాడుట మేలు.

టేకు, వేప తలుపులు దీనికి మంచివి. సన్నని రంధ్రాల నుండి మెత్తని పొడి రాలుతున్న పుచ్చు చెక్కను, ఎంత అందంగా చెక్కినదైనా, తీసుకొనరాదు. అది పక్క చెక్కలకు కూడ అంటుకొంటుంది.

అరల వెడల్పు

పనిలో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. రాయి నొక్కుడును బాగా తట్టుకొంటుంది, లాగుడును తట్టుకొనలేదు. రెండు చివరల ఆని మధ్యలో బరువు మోసే బండకు పై ముఖం నొక్కబడుతుంది, అడుగు ముఖం సాగదీయబడుతుంది. పగులు అడుగున మొదలవుతుంది. చెక్క అయితే ముందు వంగి హెచ్చరిస్తుంది. రాయి వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది.

రాతి బరువు కూడ తక్కువ కాదు. అంగుళం మందపు నాపబండ చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు తూగుతుంది. 4 అడుగుల పొడవు, 15 అంగుళాల లోతు గల అర ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. కాబట్టి అంగుళం మందపు బండకు ఆనికకూ ఆనికకూ మధ్య దూరం 2 అడుగులకు మించకుండ చూచుకొనుట క్షేమం. 4 అడుగుల అలమరకు నడుమ ఒక నిలువు బండ తప్పదు. బరువైన ఇనుప సామాను, నాగలి కొర్రులు వంటివి అన్నిటికంటె క్రింది అరలోనే ఉంచాలి.

కట్టే విధానం

అర వెనుక అంచు గోడలోనికి ఒకటిన్నర అంగుళం దిగేటట్లు గాడి తీస్తారు. 9 అంగుళాల గోడకే ఇది తగును. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకు పొడవాటి అడ్డగాడి తీస్తే గోడే బలహీనపడుతుంది. అక్కడ వెనుక వైపున కూడ నిలువు ముక్కలు నిలిపి అరను వాటిపై ఆనించాలి. నేలపై ఒక బండ, దానిపై రెండు చివరల, నడుమ నిలువు ముక్కలు, వాటిపై మరొక బండ, ఈ వరుసలో పైకి పోతారు. ప్రతి వరుసలోని నిలువు ముక్కలు క్రింది వాటికి సరిగ్గా నెత్తిన ఉండాలి. పక్కకు జరిగితే భారం బండ నడుమ పడుతుంది. అతుకులకు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ల ఇసుక. వారం రోజులు తడపాలి, అంతవరకు అరలపై ఏమీ పెట్టరాదు.

తలుపు బందులను రాతికి బిగించరాదు. అంచు వద్ద రంధ్రం వేస్తే బండ చిట్లుతుంది. పాత ద్వారబంధపు కమ్ములతో చట్రం చేసి గోడకూ నేలకూ బిగించి, తలుపును దానికి వ్రేలాడదీయాలి. చట్రం అడుగున రాతి తునక పెడితే చెదలు వెంటనే ఎక్కవు. 15 కిలోల నూనె డబ్బాకు ఒక పెద్ద ముఖం కోసి, అంచులు లోపలికి మడిచి పరుండబెడితే మంచి సొరుగు అవుతుంది. అందుకు అరల మధ్య 10 అంగుళాల ఎడం చాలు.

పాత రంగు, రేకులు

గృహోపయోగ రంగులలో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదనే నిబంధన భారతదేశంలో 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చింది. అంతకు ముందటి తలుపులపై సీసం ఎక్కువగా ఉండవచ్చును. అటువంటి రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దరాదు, మంటతో కాల్చరాదు. ఆ ధూళి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకి, చెత్తను మూటగట్టి వేయాలి. రంగు గట్టిగా ఉంటే దానిమీదనే కొత్త రంగు పూయుట ఉత్తమం. పాత ఆస్బెస్టాస్ సిమెంటు రేకులను కోసి అలమర వెనుక బిగించుట అంతకంటె ప్రమాదం. వాటిని కోయనే కూడదు.

ఏమి దాచాలి, ఏమి దాచరాదు

సున్నపురాయికి ఆమ్లం పడదు. బ్యాటరీ ఆమ్లం ఒలికితే పొంగి రాయిని తినివేస్తుంది కనుక బ్యాటరీ క్రింద ప్లాస్టిక్ పళ్లెం ఉంచాలి. పెట్రోలును ఇందులో దాచరాదు. కడప వేసవిలో పడమటి గోడకు ఆనుకొన్న మూసిన అలమర లోపలి వేడి సంగతి చెప్పనక్కరలేదు.

పైరు మందులకు వేరొక గడి, దానికి విడిగా తాళం ఉండాలి. డబ్బాపై త్రికోణం రంగు ఎరుపైతే అతి తీవ్రమైన విషం, పసుపైతే దాని తరువాతిది, ఆపై నీలం, ఆకుపచ్చ. పారాక్వాట్ కలుపుమందుకు విరుగుడు లేదు. మందును నీళ్ల సీసాలోనికో, పానీయాల సీసాలోనికో మార్చి ఉంచుట వలన, తాళం మరచిన ఒక్క పూటలోనే పిల్లలు మంచినీళ్లనుకొని త్రాగే ప్రమాదమున్నది. క్షణికావేశంలో ప్రాణం తీసుకొనబోయే వారికి కూడ ఈ తాళం కొంత వ్యవధి కల్పిస్తుంది. కనుక తాళంచెవి తలుపు పక్కనే మేకుకు తగిలించరాదు.

ధాన్యంలో పురుగులకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మాత్రం తాళమున్నా ఈ అలమరలో ఉంచరాదు. తేమ తగిలితే వాటినుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. షెడ్డు పడకగదికి ఆనుకొని ఉన్న ఇళ్లలో తలుపు సందులు ఆ వాయువును ఆపలేవు.