బెట్టలో శెనక్కాయ చెట్టు ఎలా తట్టుకుంటుంది?

విడపనకల్లు వైపు జూన్, జూలైలో ఒక పదును వాన పడితే శెనక్కాయ విత్తుతారు. తర్వాత వారాల తరబడి చినుకు లేకపోతే అదే బెట్ట. అనంతపురంలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గరే. బెట్టలో మనమైతే నీడకు పోతాం. చెట్టు ఎక్కడికి పోతుంది? ఉన్నచోటే నీళ్లు కాపాడుకోవాలి.

ఆకుల మీద కంటికి కనపడని పత్రరంధ్రాలుంటాయి. అవి తెరిస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది, నీళ్లు ఆవిరైపోతాయి. మూస్తే నీళ్లు మిగులుతాయి, కానీ ఆహారం తయారు కాదు. మరి ఎప్పుడు మూయాలి?

బెట్ట వచ్చిందని చెట్టుకు కొత్త జన్యువులు పుట్టవు. ఉన్నవాటిలో ఏది పనిచేయాలనేదే ప్రశ్న. జన్యువు నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే కాపీ వస్తుంది, దాన్ని చదివి కణం ప్రోటీన్ తయారు చేస్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఈ రెండింటి మధ్యలో అడ్డుపడుతుంది. జన్యువును ముట్టుకోదు, కాపీని మాత్రం ఆపుతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ దీన్ని ఒక మిల్లీమీటరు పురుగులో కనిపెట్టారు. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మొక్కల్లో దీని పొడవు సుమారు 21 అక్షరాలే. అంత చిన్నది తనకు కావలసిన కాపీని ఎలా పట్టుకుంటుంది? మన సెర్చ్ స్ట్రింగ్ లాగే. నాలుగు అక్షరాలతో 21 స్థానాలు నింపితే దాదాపు 4.4 లక్షల కోట్ల రకాల వరసలొస్తాయి. శెనక్కాయ జన్యుక్రమం మొత్తం 270 కోట్ల అక్షరాలే. కాబట్టి పొరపాటున ఇంకోదానికి పూర్తిగా సరిపోవడం చాలా అరుదు. సరిపోయిన కాపీని మొక్క అక్కడికక్కడే కోసేస్తుంది.

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో 2008లో ఒక సంగతి తేలింది. మామూలు రోజుల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 169, ఎన్‌ఎఫ్‌వైఏ5 అనే జన్యువు కాపీలను కోస్తూ ఉంటుంది. బెట్టలో 169 తగ్గిపోతుంది. కాపీలు బతుకుతాయి, రంధ్రాలు ముడుచుకుంటాయి. బ్రేక్ మీంచి కాలు తీసినట్టన్నమాట. 169ని కావాలని పెంచిన మొక్కలు నీళ్లు ఎక్కువ పోగొట్టుకుని తొందరగా వాడిపోయాయి.

అయితే 169ని ఎప్పటికీ ఆపేస్తే సరిపోతుందా? సరిపోదు. శెనక్కాయకు పువ్వు పైన పూస్తుంది, ఊడ భూమిలోకి దిగితేనే కాయ. ఆ దశలో రంధ్రాలు మూసుకునే ఉంటే చెట్టు పచ్చగా కనపడుతుంది, పీకితే కాయలుండవు. రైతుకు బతికిన చెట్టు చాలదు, గింజ కావాలి.

2019లో శెనక్కాయ జన్యుక్రమం పూర్తిగా వచ్చింది. ఆ పనిలో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలూ ఉన్నారు. అంటే కోడ్ మొత్తం చేతిలో ఉంది. ఏ లైన్ ఎప్పుడు ఆగాలి, వాన పడగానే మళ్లీ ఎప్పుడు నడవాలి అన్నదే మిగిలిన పని. మా వైపు పంట నిలిచేదీ పోయేదీ ఆ టైమింగ్ మీదే.