గుర్రమూ మోటార్‌సైకిలూ ఒకే బాటలో

అమెరికా పశ్చిమ రాష్ట్రాల అడవుల్లో కొన్ని కొండబాటల మీద నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, గుర్రాలవాళ్లు, మోటార్‌సైకిళ్లవాళ్లు అందరూ తిరుగుతారు. ఆ మాట వింటేనే గొడవ ఖాయమనిపిస్తుంది. గొడవ రాకుండా చూసేది ముందుగా బాట వేసిన తీరు.

ఇంజిన్ మోతే అసలు బాధ అనుకుంటాం. అదీ బాధే. కానీ ప్రాణం మీదికి తెచ్చేది వేగాల్లో తేడా. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, ఎదురుగా మనిషి 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం సెకనుకు పన్నెండున్నర మీటర్లు తరుగుతుంది. మలుపు దగ్గర 25 మీటర్లకు మించి కనబడకపోతే చేతిలో ఉండేది 2 సెకన్లు. బండి 15లో వస్తే నాలుగున్నర సెకన్లు దొరుకుతాయి.

వేగం తగ్గించమని బోర్డు పెడితే చాలదు. తిన్నగా, వెడల్పుగా ఉన్న బాట చూస్తే ఎవరి చెయ్యయినా యాక్సిలరేటర్ మీదికే పోతుంది. అందుకే బాటను చెట్ల మధ్య మెలికలు తిప్పుతారు, రెండు బండరాళ్ల నడుమ ఇరుకు చేస్తారు. అయితే తిన్నటి దారి చివర హఠాత్తుగా మలుపు పెడితే అందరూ అక్కడే బ్రేకు తొక్కి మట్టిని గుంటలు చేస్తారు. పొదలు కొట్టేస్తే ఎదుటివాళ్లు కనబడతారు. మరీ కొట్టేస్తే వేగం పెరుగుతుంది. ఎంత కొట్టాలన్నదే, నా ఉద్దేశంలో, ఈ పనిలో కష్టమైన నిర్ణయం.

వాహనాలు బయల్దేరే చోట రద్దీ ఎక్కువ. అక్కడ దారులు వేరుచేసి, జనం పలచబడ్డాక కలపడం మేలు.

డబ్బు విషయంలోనూ ఈ పొత్తు ఉంది. ఇలాంటి బాటలకు డబ్బిచ్చేందుకు అమెరికాలో 1991లో మొదలైన కేంద్ర పథకానికి ఆధారం, రోడ్డు మీద కాక ఇలాంటి విహారానికి కాలే ఇంధనంపై పన్ను. అందులో 30 శాతం మోటారు బాటలకు, 30 శాతం మోటారు లేనివాటికి, 40 శాతం రకరకాల వాడకందార్లు పంచుకునేవాటికి.

అక్కడ ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. బండి మీద వెళ్తూ గుర్రం ఎదురైతే ఇంజిన్ ఆపేయండి. పల్లం వైపు తప్పుకోండి, పైనుంచి మీదపడేదంటే దానికి భయం. హెల్మెట్ తీసి నెమ్మదిగా రౌతును పలకరించండి. గొంతు వింటే వచ్చింది మనిషేనని గుర్రం పోల్చుకుంటుంది.