"అయ్యో" యనుటకు ఫ్రెంచివా రేమందురు?

పొయ్యిమీఁది పాలు పొంగిపోయినప్పుడు "అయ్యో!" యనుటకు మన మాలోచింపము. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో "అమ్మా!" యను మాట తనంతనే వెలువడును. ఇట్టి మాటలను బడిలో నెవరును నేర్పరు. బిడ్డలు ఇంటిలో విని నేర్చుకొందురు. ఇవి చిన్న మాటలే యైనను వీనియందు జనుల భయభక్తులును సుఖదుఃఖములును దాఁగియుండును. ఇందులకు ఫ్రెంచిభాష మంచి నిదర్శనము. సోదరీమణులారా, ఆ ముచ్చట యొకింత వినుఁడు.

విచారము గలిగినప్పుడు ఫ్రెంచివారు "ఎలాస్" అందురు. ఇందు మొదటి యక్షరము మన "హా" వంటిది. "లాస్" అనఁగా అలసినవాఁడు, దీనుఁడు అని యర్థము. లాటినుభాషలోని "లస్సుస్" అను పదము దీనికి మూలము. ఇంగ్లీషువారి "అలాస్" కూడ నీ కుదురునకుఁ జెందినదే. పూర్వకాలపు ఫ్రెంచిలో పురుషుఁడు తన్నుఁగూర్చి "లాస్" అని వగచుచుండఁగా, స్త్రీ "లాస్సె" యని స్త్రీలింగరూపముతోఁ బలుకుచుండెడిది. అనఁగా "అలసితిని" యని మొఱపెట్టుకొనుటకు ఆఁడుదానికిఁ దన మాట తనకుండెను. కాలక్రమమున పురుషరూపమే నిలిచెను, స్త్రీరూపము మఱుగుపడెను. నేఁటి ఫ్రెంచి యిల్లాలు పురుషుని మాటతోనే నిట్టూర్చుచున్నది. మాట పోయినది గాని యలసట పోయినదని చెప్పఁజాలము.

ఇఁక కోపపు మాటల చరిత్రము వేఱు. ఫ్రెంచిలో దేవునికి "ద్యో" యని పేరు. దైవనామముతో నొట్టుపెట్టుకొనుట వారికిఁ జిరకాలపు టలవాటు. మతమునకు మాత్ర మది మహాపాపము. 1226 మొదలు 1270 వఱకు రాజ్యమేలిన తొమ్మిదవ లూయీ రాజు, దైవదూషణము చేసిన యొక పారిసు పురవాసి పెదవిపై కాఁచిన యినుముతో వాత పెట్టించినట్లు చరిత్రమందుఁ గలదు. నోటి యలవాటు మానలేక, పాపమునకు వెఱవక యుండలేక, జనులు "ద్యో" యనుటకు బదులు "బ్లో" యన నారంభించిరి. "బ్లో" యనఁగా నీలవర్ణము. నీలమునకును ఒట్టునకును పొత్తు లేదు. ప్రాస కుదిరినది, అంతియే. దేవునితోడు అను నర్థముగల "పార్ ద్యో" యిట్లు "పార్బ్లో" యయ్యెను. దేవుని మరణముతోడు అను "మోర్ ద్యో" యిట్లే "మోర్బ్లో" యయ్యెను. "సాక్రెబ్లో" యనునదియు నీ కోవలోనిదే. దీనిని నేఁటి ఫ్రెంచివారు దాదాపు విడిచిపెట్టిరి. విదేశీయులు వ్రాయు కథలలోని ఫ్రెంచివారు మాత్రము విడువలేదు!

నాలుగవ హెన్రీ రాజును గూర్చి (1589–1610) యొక వినోదపు కథ గలదు. ఆయనకుఁ గోపము వచ్చినప్పుడెల్ల "జార్నిద్యో", అనఁగా "దేవుని వదలుకొందును", అనుట యూఁతపదమఁట. కోతోఁ అను జెసూయిటు మతాచార్యుఁ డాయనకు గురువు. దేవునిపేరు మాని తనపేరు చేర్చుకొమ్మని యాతఁడు వేఁడుకొనెనఁట. నాఁటినుండి రాజు "జార్నికోతోఁ" యనఁజొచ్చెనని చెప్పుదురు.

నేఁటి గృహములందును ఈ యుపాయము సాగుచునే యున్నది. చేతిలోని గిన్నె జాఱిపడఁగా నొక యిల్లాలు "ప్యూనేజ్" అనును, అనఁగా నల్లి. మఱియొకతె "ఫ్ల్యూత్" అనును, అనఁగా పిల్లనగ్రోవి. పిల్లలయెదుట నోట రాఁగూడని మాట మొదటి యక్షరము దాఁక వచ్చినచో, తల్లి వెంటనే దారి మరల్చి "మేర్క్రెదీ" యనును, అనఁగా బుధవారము! ఆదివారమునాఁడు గిన్నె పగిలినను ఆ యింట బుధవారమే.

"ఓ లా లా" యను మాట మనలోఁ బలువురు వినియుందురు. పరదేశీయులు దీనిని శృంగారపు మాటగాఁ దలఁతురు. ఫ్రాంసుదేశమున నట్లు గాదు. రైలు తప్పిపోయినను, బిడ్డ జాఱిపడినను, అంగడిలో ధర విని గుండె ఝల్లుమన్నను ఈ మాటయే. సంతోషమో సంతాపమో స్వరమును బట్టి గ్రహింపవలెను. గండము గడచినప్పుడు "ఊఫ్" అందురు. నొప్పి గలిగినప్పుడు "ఆయ్" అందురు. గోదావరీతీరమందలి యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనమున నుండుటచే, అచ్చటి తెలుఁగువారి కీ భాష కొన్ని తరములపాటు పరిచితమై యుండెను.

ఈ నేర్పు మనకుఁ గ్రొత్తది గాదు. బియ్యము లేవనక "నిండుకొన్నవి" యందుము. దీప మాఱినదనక "కొండెక్కినది" యందుము. కోపము మితిమీఱినప్పుడు మన పెద్దమ్మలు "నీ యిల్లు బంగారము గాను!" అని తిట్టును దీవెనగా మార్చిరి. ఏ దేశమందైనను ఇంటిలోని యాఁడువారు నాలుక చివర నిలిచిన కఠినోక్తిని ఇట్లే మలఁచి విడుచుచుందురు.

కోపము రాకుండుట మానవులకు సాధ్యము గాదు, దుఃఖమును అట్టిదే. వచ్చినప్పుడు నోట వెలువడు మాట మాత్రము కొంత మన చేతిలోనిది. వంటయింటిలో నేఁడు మన మన్న మాటను రేపు వీథిలో మన బిడ్డ యనును. అలసినప్పుడు "అలసితిని" యని నిస్సంకోచముగా చెప్పుకొందము. కోపించినప్పుడు నీలమునో బుధవారమునో తలఁచుకొందము.